జీపు టాప్ కుట్ల దగ్గర కారుతుందన్న తమ్ముడికి

తమ్ముడూ, మహీంద్రా ఎంఎం 540కి నువ్వే కుట్టుకున్న టాప్ మీద నీళ్ళు నిలబడిపోయి కుట్లలోంచి కారుతున్నాయన్నావు కదా, తప్పు గుడ్డది కాదు, దాన్ని కింద నుంచి మోసే అడ్డ గొట్టాలది. మధ్య గొట్టం మిగతావాటికంటే ఓ అంగుళం పైకి లేపు, నీళ్ళు వాటంతటవే జారిపోతాయి. మళ్ళీ కుడితే మాత్రం కాటన్ కేన్వాస్‌ని ముందే తడిపి ఆరబెట్టి అప్పుడు కత్తిరించు, లేదంటే మొదటి వానకే ముడుచుకుపోయి బటన్లు అందవు, నాకదే అయింది, పార్వతీపురం నుంచి విజయనగరం దాకా తడుచుకుంటూ వచ్చాను. దారం పాలిస్టర్‌దే వాడు. కుట్ల మీద కొవ్వొత్తి గట్టిగా రుద్ది హెయిర్ డ్రయర్‌తో కరిగించు, కన్నాలు పూడుకుంటాయి. మడతలు ఎక్కువున్నచోట ఇంటి మిషన్ మీద కుట్టకు, సూదులు విరుగుతాయి, ఆటో టాపులు కుట్టేవాళ్ళకి ఇచ్చేయ్.