ఆఫీసులో తోటివాళ్లకు నా విశ్వాసం గురించి ఎలా చెప్పాలి?

బాప్తిస్మం తీసుకుని ఏడాది కూడా కాలేదు, ఆఫీసులో అందరూ హిందువులే, సువార్త చెప్పకపోతే తప్పని సంఘంలో (చర్చిలో) అంటున్నారు, చెబితే స్నేహాలు పోతాయేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. పక్క సీటులో ఉన్నవారి మనసు మార్చే బాధ్యత దేవుడు మీ మీద పెట్టలేదు. మీకు జరిగింది ఉన్నదున్నట్టు చెప్పడం వరకే మీ వంతు.

నేను గుంటూరు జిల్లాలో ఒక బ్యాంకులో చాలా కాలంగా పనిచేస్తున్నాను. మాది తాతల నాటి నుంచీ లూథరన్ కుటుంబం. కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్లకు నేనెప్పుడూ కరపత్రాలు ఇవ్వలేదు, వాక్యం చెప్పలేదు. గోల్డ్ లోను కోసం వచ్చిన మనిషి ఆ పూట నేనేం చెప్పినా తలూపుతాడు. అవసరంలో ఉన్నవాడితో అలా తలూపించుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

ఈ విషయంలో నాకు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గారంటే గౌరవం. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. ఆ కరువు పనులు నడిచినన్నాళ్లూ అడిగినవాళ్లకు కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని ఆయన పట్టుదల. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిన సంగతి మన సంఘాల్లో అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ సంఖ్య కన్నా అంతకు ముందు ఆయన ఆగిన ఆ కాలమే పెద్దదిగా కనిపిస్తుంది. సహాయం చేస్తే సహాయంగానే చేయండి, దానికి ఏ మాటా ముడిపెట్టకండి.

మరి చెప్పేదెప్పుడు అంటారా? అడిగినప్పుడు. నేను క్యారియర్ విప్పాక కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాను. ఒకరోజు మా క్యాషియర్ గారు, "అంతసేపు ఏమనుకుంటారు మేడమ్?" అని అడిగారు. అన్నం కోసం కృతజ్ఞతలు చెప్పుకుంటాను, తర్వాత తెలిసినవాళ్ల పేర్లు తలుచుకుంటాను, ఈ వారం ఎంసెట్ రాస్తున్న మీ అబ్బాయి పేరు కూడా చెప్పానన్నాను. ఆయన ఏమీ అనలేదు. రెండు రోజులాగి, "మావాడి కోసం ఇంకోసారి చెప్పండి, బాగా భయపడుతున్నాడు" అన్నారు.

ఆ అబ్బాయికి అనుకున్న ర్యాంకు రాలేదు. "మీరు ప్రార్థన చేశారు కదా మేడమ్, మరి ఇలా ఎందుకైంది?" అని ఆయన మామూలుగానే అడిగారు. ఇలాంటి ప్రశ్న మీకూ ఎదురవుతుంది. అప్పుడు దేవుణ్ణి వెనకేసుకురావాలని కారణాలు వెతక్కండి. నేను మావారి సంగతి చెప్పాను. కిడ్నీలు పాడయ్యాయి, సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది, అయినా ఆయన దక్కలేదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ డయాలసిస్ గది బయట బెంచీ మీద కూర్చున్న ఆ రాత్రుళ్లు నాకు తోడెవరో ఉన్నారన్నది మాత్రం నిజం, ఆ తోడు వల్లే మళ్లీ డ్యూటీకి రాగలిగానని చెప్పాను. క్యాషియర్ గారు చాలాసేపు పెరుగన్నం కలుపుతూనే ఉండిపోయారు. తర్వాత, "మీ బైబిల్లో ఎక్కడి నుంచి చదవాలి?" అన్నారు. లూకా సువార్త అన్నాను, అందులో పదిహేనో అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడి కథ ముందు చదవమన్నాను. చదివారో లేదో అడగలేదు. ఇప్పటికీ ఏటా తిరుమల వెళ్తారు, ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే ముందు నాకే ఫోన్ చేస్తారు.

మన సాక్ష్యాల కూటాల్లో జబ్బు నయమైన కథలు, ఉద్యోగం వచ్చిన కథలే ఎక్కువ వింటాం. వాటిని కాదనను. కానీ బయటివాళ్లకు మన దుఃఖంలోంచి చెప్పిన మాటే నమ్మేలా ఉంటుంది. మొదటి పేతురు 3:15 మీకు తెలిసే ఉంటుంది. మన నిరీక్షణ, అంటే మనకున్న ఆశ గురించి అడిగిన ప్రతివారికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమంటూనే, సాత్వికంతో చెప్పమని కూడా ఉంది అక్కడ.

ఆఫీసులో ఎవరైనా గుడి ప్రసాదం తెచ్చిస్తే ఏం చేయాలని కూడా అడిగారు. నేను తినను. అలాగని మొహం తిప్పుకోను, దూరంగా జరగను. "దర్శనం బాగా జరిగిందా? పిల్లలు నడిచే ఎక్కారా?" అని అడిగి, మా ఇంటి పద్ధతి చెబుతాను. ఎవరూ నొచ్చుకోలేదు. తినే విశ్వాసులూ ఉన్నారు, వాళ్లను తప్పుపట్టను. మీ మనస్సాక్షిని బట్టి చేయండి. వాళ్ల దేవుళ్లను మాత్రం ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడకండి. ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుపోతుంది, వాళ్లకు కలిగే బాధ కూడా న్యాయమైనదే.

చట్టం గురించి కూడా భయపడుతున్నట్టున్నారు. రాజ్యాంగం 25వ అధికరణ మన మతం గురించి చెప్పుకునే హక్కు ఇచ్చింది. అయితే ఎదుటివారిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో స్పష్టం చేసింది. కొన్ని రాష్ట్రాల్లో మత మార్పిడి చట్టాలు ఇంకా కఠినం, బదిలీ మీద వెళ్తే అక్కడివి తెలుసుకోండి.

ఇక మొదలుపెట్టడానికి తేలికైన దారి ఒకటుంది. ఈ క్రిస్మస్‌కు మీ ఆఫీసువాళ్లను ఇంటికి పిలవండి. భోజనానికని పిలిస్తే భోజనమే పెట్టండి. పాస్టరు గారు వచ్చి వాక్యం చెప్పే ఏర్పాటు ఉంటే మాత్రం ఆ సంగతి పిలిచేటప్పుడే చెప్పండి. రావాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు.