కర్నూలు 2090 రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మూడు అధ్యాయాలూ చదివాను. 2090లో కర్నూలు, కొండారెడ్డి బురుజు మీద నిఘా కెమెరాలు, ప్రతి మనిషి మెడలో చిప్, అందరి నెత్తిన ఒక అధినేత. చదివించే వాక్యం నీది. కానీ నాకు భయం వేయలేదమ్మా. నీ అధినేత మరీ చెడ్డవాడు. అంత చెడ్డవాణ్ణి చూస్తే పాఠకుడికి హాయిగా ఉంటుంది, తనకూ వాడికీ ఏ పోలికా లేదు కాబట్టి. నన్నడిగితే ఆయన్ను రొంత పక్కన పెట్టి, ఆయన పేరు మీద రిజిస్టరు రాసే గుమాస్తా దగ్గరికి వెళ్ళు.

మన సీమలో ఆ సరుకు కావలసినంత ఉంది. ధాత కరువు గురించి మీ అవ్వ చెప్పే ఉంటుంది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలని తేల్చాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. అది చాలదని మద్రాసులో ప్రజారోగ్యం చూసే శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు, అప్పటికి పోవాల్సిన వాళ్ళు పోయారు. జనాన్ని చంపమని టెంపుల్ ఎక్కడా రాయలేదు. ఖజానా ఖర్చు తగ్గాలన్నాడు, అంతే. ఆ ధాన్యం తూచి పోసినవాణ్ణి ఊహించుకో. పెళ్ళాం బిడ్డలున్నవాడే. తూకంలో మోసం చేయలేదన్న తృప్తితో రాత్రి నిద్రపోయి ఉంటాడు. నీ నవలకు కావలసింది అతను.

1911లో నేరస్త జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక ఎరుకల వాళ్ళ పేర్లు రిజిస్టర్లకెక్కాయి. పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి. ఏ తప్పూ చేయకపోయినా సరే. మద్రాసులో 1947 దాకా, దేశం మొత్తం మీద 1952 దాకా నడిచిందది.

‘ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ రాసిన కెనడా రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్ ఒక నియమం పెట్టుకుంది: మనుషులు ఎక్కడో ఒకచోట ఇప్పటికే చేసినదాన్నే నవలలోకి రానిస్తానని. నిఘా రాజ్యం మీద ‘1984’ నవల రాసిన ఆర్వెల్ బీహారులోని మోతిహారిలో పుట్టి, బర్మా పోలీసులో ఉద్యోగం చేశాడు. లాఠీ పట్టుకున్నవాడి మనసు ఆయన ఎవరినీ అడిగి తెలుసుకోనక్కర్లేదు.

ఇప్పటి సంగతికొస్తే, ఉపాధి హామీ దేశంలో మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. 2023 నుంచి కూలీల ఫోటోలు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఎక్కాలన్నారు. సిగ్నల్ లేకపోతే హాజరు చూసే మేట్‌కు టెన్షన్, కూలీకి హాజరు పోతుందన్న బెంగ. దీన్ని నిరంకుశత్వమని నేననను. పనికి రానివాళ్ళ పేర్లతో దొంగ మస్టర్లు నిజం, వాటిని ఆపాలన్న ఉద్దేశమూ మంచిదే. నువ్వు పట్టుకోవలసింది ఆ మంచి ఉద్దేశాన్నే. నీ రాజ్యం పెట్టే ప్రతి నియమానికీ నువ్వు కూడా తలూపేంత మంచి కారణం ఉండాలి.

ఆ తర్వాత ఒక్క అడుగు ముందుకు జరుపు. శనగచెట్లు పీకి పీకి వేళ్ళు అరిగిపోయిన ముసలామెకు రేషన్ స్టోరులో వేలిముద్ర పడదు. ఇది ఇప్పుడూ ఉంది. నీ నవలలో మూడు నెలలు వరసగా పడకపోతే ఆ మనిషి ఊళ్ళో లేనట్టు లెక్క. ఆమెను ఎవరూ కొట్టరు. డీలరు మర్యాదగానే, ‘మిషన్ ఒప్పుకోలేదవ్వా, నేనేం చేసేది?’ అంటాడు. లెక్కలో లేని మనిషితో మాట్లాడితే తమ కార్డుకు ఏమవుతుందోనని ఇరుగుపొరుగు వాకిట్లోకి రావడం మానేస్తారు. ఆమె కోడలు కూడా. ఆ కోడలి వైపు నుంచి రాయి, పాఠకుడు తప్పించుకోలేడు. డ్రోన్ల అధ్యాయం మొత్తం కొట్టేసినా నష్టం లేదు. నాకైతే అది విసుగ్గానే ఉంది.

చివర్లో కుర్రవాళ్ళు కంట్రోల్ రూం తగలబెడతారని ప్లాన్‌లో రాశావు. తగలబెట్టనీ. మర్నాడు స్టోరు ఎవరు తెరుస్తారో, బియ్యం ఏ లెక్కన పోస్తారో కూడా ఒక అధ్యాయం రాసి పంపు. ఈసారి అక్షరాలు పెద్దవిగా ప్రింటు తియ్యి.