సీరియల్ లాయరు ఆఖరి నిమిషంలో తెచ్చిన సాక్షిని మా కేసులోనూ తేవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు 1993లో మా ఊరి రైతు ఒకాయన దగ్గర ఎకరం అరవై సెంట్ల మెట్ట పొలం కొని, సొమ్మంతా చెల్లించి, తెల్లకాగితం మీద విక్రయ పత్రం రాయించుకున్నారు. రిజిస్ట్రేషన్ చేయించలేదు. అప్పటి నుంచి పొలం మా సాగులోనే ఉంది. నాన్నగారు పోయాక అమ్మిన ఆయన కొడుకులు పొలంలోకి దిగబోతే, 2019లో వాళ్లు పొలం జోలికి రాకుండా ఆపమంటూ అమ్మా నేనూ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఇంజంక్షన్ దావా వేశాం. అమ్మ సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ కాగితం మార్కు చేయబోతే అవతలి లాయరు అభ్యంతరం చెప్పారు. దాన్ని ఇంపౌండ్‌కు, అంటే స్టాంపు లోటూ జరిమానా కట్టించుకోవడానికి, పంపమని పిటిషన్ వేస్తానని మా లాయరు అంటున్నారు. ఈ మధ్య టీవీలో, చిన్న ఊరి లాయరు కథగా మొదలైన సీరియల్‌లో, అచ్చం ఇలాంటి కేసులోనే ఆ లాయరు ఆఖరి రోజున పాత కాగితం జేబులోంచి తీసి, దాన్ని రాసిన ముసలాయనను ఎవరికీ చెప్పకుండా తీసుకొచ్చి బోనెక్కించి, ఆ పూటే తీర్పు తెచ్చుకున్నాడు. మా కాగితం దస్తూరి రాసిన ఆయన 82 ఏళ్ల వయసులో ఇంకా ఉన్నారు. మా లాయరు అలా ఎందుకు చేయడం లేదు? ఆయన్ను మార్చుకోవాలా? గెలిస్తే పొలంలో కొంత ఫీజుగా రాసిస్తామని చెప్పవచ్చా?
— ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: ఆ సీరియల్ మా ఇంట్లోనూ నడుస్తోంది కనుక మీరు చెప్పిన భాగం నేనూ చూశాను. మన కోర్టుల్లో ఏ జడ్జిగారి బల్ల మీదా సుత్తి ఉండదనీ, సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప లాయరు గౌను వేసుకోవడం తప్పనిసరి కాదనీ గుర్తు చేయడం తప్ప, సీరియల్‌లోని సుత్తి, గౌనుల గురించి నాకు పేచీ లేదు. నాకు అభ్యంతరమల్లా ఒక్కచోటే. ఆ లాయరు జేబులోంచి తీసిన కాగితాన్ని జడ్జిగారు చేతిలోకి తీసుకుని చదివేశారు, అవతలి లాయరు చూస్తూ కూర్చున్నాడు. మీ కేసు ఆగిపోయింది సరిగ్గా ఆ ఘట్టం దగ్గరే. మీ అమ్మగారి కేసులో అవతలి లాయరు చూస్తూ కూర్చోలేదు, లేచారు. ఆయన స్థానంలో నేనున్నా లేచేవాణ్ణి.

వాది తరఫు కాగితాలకు మన కోర్టుల్లో ఎ-1, ఎ-2 అని నంబర్లు వేస్తారు. దాన్నే మార్కు చేయడం అంటాం. చూడటానికి అది గుమాస్తా పనిలా ఉంటుంది కానీ, భారత స్టాంపుల చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఒక పత్రం ఒకసారి సాక్ష్యంగా స్వీకరించబడ్డాక, దానికి స్టాంపు సరిగా లేదన్న కారణంతో అదే దావాలో తర్వాత దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. కాబట్టి స్టాంపు అభ్యంతరం చెప్పడానికి అవతలివారికి ఉన్న అవకాశం ఆ ఒక్క నిమిషమే, ఆ నంబరు పడేలోపే. వారు దాన్ని వదులుకోలేదు. అభ్యంతరం వచ్చాక అదే చట్టం 35వ సెక్షన్ అడ్డం వస్తుంది. తగిన స్టాంపు లేని పత్రాన్ని, సుంకమూ జరిమానా కట్టేవరకు, ఏ ప్రయోజనం కోసమూ సాక్ష్యంగా తీసుకోకూడదు. స్వాధీనం చూపించడానికి మాత్రమే వాడుకుంటామన్నా ఒప్పుకోరని అవినాష్ కుమార్ చౌహాన్ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇక రిజిస్ట్రేషన్ సంగతి వేరు. వంద రూపాయలూ అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయ పత్రం తప్పనిసరిగా రిజిస్టరు కావాలి. కాకపోతే, రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ప్రకారం, హక్కు బదిలీ అయిందనడానికి అది సాక్ష్యం కాదు. ఈ లోపం జరిమానా కడితే తీరేది కాదు. అయితే అదే సెక్షన్ చివర ఉన్న మినహాయింపు కింద, మీ నాన్నగారు పొలంలోకి ఏ రకంగా వచ్చారు, ఎప్పటి నుంచి ఉన్నారు అన్నంతవరకు ఆ కాగితాన్ని చూడవచ్చు. ఆ వెసులుబాటు దక్కాలంటే ముందు స్టాంపు గండం గడవాలి.

మీ లాయరుగారు ఇంపౌండ్ పిటిషన్ అంటున్నది ఇందుకే. అక్కడా రెండు దారులున్నాయి, వాటి మధ్య తేడా రూపాయల్లో తెలుస్తుంది. లోటు సుంకాన్ని కోర్టులోనే కడతామంటే, 35వ సెక్షన్ ప్రకారం దానికి పది రెట్లు జరిమానా కూడా కట్టాలి, తగ్గించే అధికారం జడ్జిగారికి లేదు. ఉదాహరణకు లోటు వెయ్యి రూపాయలైతే మొత్తం 11,000 రూపాయలు కట్టవలసి వస్తుంది. అలా కాకుండా పత్రాన్ని 38వ సెక్షన్ కింద కలెక్టరు అధికారాలున్న అధికారికి పంపమని కోరితే, 40వ సెక్షన్ కింద ఆయన పది రెట్లకు మించకుండా తనకు తగినదనిపించిన జరిమానా వేయవచ్చు, అంటే తగ్గించే వీలు అక్కడ ఉంది. మీ లాయరు పంపమని అడుగుతానన్నారంటే రెండో దారి పట్టారని నాకు అర్థమవుతోంది. నెలల ఆలస్యం జరిగినా మీ డబ్బు గురించి ఆలోచించి చేస్తున్న పని అది.

ఇంపౌండ్ అయి వచ్చాక కాగితం మీకు ఏమిస్తుంది, ఏమివ్వదు అన్నది ముందే తెలుసుకుని ఉండటం మంచిది. దానివల్ల హక్కు రాదు. మీది 1993 నాటి పత్రం కనుక, ఆస్తి బదిలీ చట్టం 53-ఎ సెక్షన్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 2001లో వచ్చిన సవరణ మీకు వర్తించదు. సొమ్మంతా చెల్లించి స్వాధీనంలో ఉన్నవారిని అమ్మిన మనిషీ ఆయన వారసులూ కదపకుండా ఆ సెక్షన్ అడ్డుకుంటుంది, అంతకు మించి మిమ్మల్ని యజమానిని చేయదు. ఇంజంక్షన్ దావాలో కోర్టు ప్రధానంగా చూసేది, దావా వేసిన రోజున పొలం ఎవరి స్వాధీనంలో ఉందన్నది. కాబట్టి 2019కి ముందు సంవత్సరాల అడంగళ్లలో అనుభవదారు గడిలో ఎవరి పేరుందో చూడండి. శిస్తు రసీదులు, బోరు కరెంటు బిల్లులు, సహకార సంఘంలో ఆ పొలం చూపించి తీసుకున్న పంట రుణం కాగితాలు ఉంటే అవన్నీ బయటికి తీయండి. నా అనుభవంలో, ఇలాంటి దావాల్లో విక్రయ కాగితం మీద పెట్టుకున్న ఆశలో పదో వంతు శ్రద్ధ కూడా ఈ రసీదుల మీద ఎవరూ పెట్టరు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అవతలివారు మీ హక్కునే గట్టిగా కాదంటూ జవాబు దావా వేసి ఉంటే, ఒట్టి ఇంజంక్షన్ చాలదనీ హక్కు ప్రకటన కూడా కోరాలనీ అనాతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్ని వారు తప్పక ముందుకు తెస్తారు. విచారణ మొదలయ్యాక దావాను సవరించడం కష్టం, ముందే ఎందుకు కోరలేదో కోర్టును ఒప్పించాలి. ఏ ఆధారం మీద కోరాలన్నది జవాబు దావా చదివిన మీ లాయరే చెప్పగలరు. దానితోపాటు, భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టంలోని 5-ఎ సెక్షన్ కింద, తెల్లకాగితం కొనుగోలును క్రమబద్ధం చేసి 13-బి ధ్రువపత్రం ఇమ్మని తహసీల్దారును కోరే దారి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. దానికి ప్రభుత్వం నిర్ణయించిన గడువు తేదీలకు మీ కాగితం సరిపోతుందేమో కనుక్కోండి, దరఖాస్తు పెట్టేటప్పుడు కోర్టులో దావా ఉన్న సంగతి దాచవద్దు. తెలంగాణ పాఠకులకు ఇది 2025 నాటి భూభారతి చట్టం కింద వేరుగా నడుస్తుంది.

ఇక ముసలాయన సంగతి. వివాదాంశాలు ఖరారైన 15 రోజుల్లో సాక్షుల జాబితా ఇవ్వాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ ఆర్డరు చెబుతుంది. జాబితాలో లేనివారిని పిలవాలంటే కారణం చెప్పి కోర్టు అనుమతి తీసుకోవాలి. అనుమతి సాధారణంగా దొరుకుతుంది కానీ, పిటిషన్ నకలు అవతలివారికి ముందే ఇస్తారు కనుక అందులో ఆశ్చర్యపరిచేది ఏమీ మిగలదు. పైగా ఇప్పుడు సివిల్ దావాల్లో సాక్షి మొదటి వాంగ్మూలం ప్రమాణ పత్రంగా టైపు చేసి దాఖలు చేస్తాం, దాని ప్రతి అవతలి లాయరు చేతికి వెళ్లాకే క్రాస్, అంటే ఆయన ఎదురు ప్రశ్నలు, మొదలవుతుంది. అయితే సీరియల్ రచయితకు న్యాయం చేయాలంటే ఒక మాట ఒప్పుకోవాలి: అవతలి సాక్షిని క్రాస్ చేసేటప్పుడు అతని ముందు పెట్టి అడగడానికి ఉద్దేశించిన పత్రాన్ని ముందుగా దాఖలు చేయనక్కరలేదు. ప్రతివాదే సాక్షిగా బోనెక్కినా ఇదే వర్తిస్తుందని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అమ్మిన ఆయన కొడుకు ‘ఆ పొలం మేమే దున్నుతున్నాం’ అని ప్రమాణం చేసి చెప్పిన మరుక్షణం, అతను సంతకం పెట్టిన ఏ పాత కాగితమైనా మీ దగ్గరుంటే, దాన్ని అతని చేతికిచ్చి ‘ఈ సంతకం మీదేనా’ అని అడగవచ్చు. అలాంటిదేమైనా ఉంటే మీ లాయరుకు తప్ప ఇంకెవరికీ చెప్పకండి.

దస్తూరి రాసిన ఆయన విషయంలో మాత్రం తొందరపడాలి. 82 ఏళ్ల మనిషి మీ కేసు వంతు వచ్చేదాకా ఉంటారో లేదో ఎవరూ చెప్పలేరు. 18వ ఆర్డరు 16వ రూలు కింద, తగిన కారణం చూపిస్తే, వరుసతో పనిలేకుండా ఒక సాక్షిని వెంటనే విచారించమని కోరవచ్చు. ఆయన కోర్టు దాకా రాలేని స్థితిలో ఉంటే, 26వ ఆర్డరు కింద అడ్వకేట్ కమిషనరును నియమించమంటే, ఆయన మంచం దగ్గరే సాక్ష్యం నమోదు చేస్తారు. మీ కాగితానికి 30 ఏళ్లు దాటాయి కనుక, తగిన చోట భద్రంగా ఉన్న పత్రంలోని చేతిరాత, సంతకాలు నిజమైనవేనని సాక్ష్య చట్టం 90వ సెక్షన్ కింద కోర్టు అనుకోవచ్చు. మీ దావా 2024 జులై 1కి ముందుది కాబట్టి పాత 1872 నాటి సాక్ష్య చట్టమే మీకు వర్తిస్తుంది. కానీ ‘అనుకోవచ్చు’ అనే ఉంది, ‘అనుకోవాలి’ అని లేదు, స్టాంపు లోపాన్నీ అది తీర్చదు. బతికున్న సాక్షి ఉండగా ఆ ఊహ మీద ఆధారపడటం తెలివైన పని కాదు. ఆయనకు ఎవరూ ఏమీ నేర్పకండి. క్రాస్‌లో, ‘సొమ్ము లెక్కపెట్టింది ఎవరు? ఏ అరుగు మీద కూర్చుని రాశారు? కలం మీదా, వాళ్లదా?’ అని అడుగుతారు. గుర్తులేని దానికి గుర్తులేదన్న ముసలాయనను కోర్టు నమ్ముతుంది, 1993 నాటి కలం రంగు కూడా చెప్పేసేవాణ్ణి నమ్మదు.

వాదనలు ముగిసిన పూటే తీర్పు చెప్పకూడదని చట్టంలో లేదు. అలా వీలుకాకపోతే 30 రోజుల్లో, అసాధారణ పరిస్థితుల్లోనైనా 60 రోజుల్లోపు చెప్పాలని 20వ ఆర్డరు అంటుంది. లాయరును మార్చుకోవడం మీ హక్కే. పాత లాయరు సమ్మతితో, ఆయన ఇవ్వకపోతే కోర్టు అనుమతితో, కొత్తవారు వకాల్తా వేయవచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు కూడా పాతవారికి లేదు. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఆయన చేయవలసిందే చేస్తున్నారు, మార్చవలసిన కారణం నాకు కనిపించలేదు. గెలిస్తే పొలంలో వాటా అన్న ఒప్పందం మాత్రం ఎవరితోనూ చేసుకోకండి. గెలుపు మీద ఆధారపడిన ఫీజును, దావా ఫలితంలో వాటాను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధించాయి. సీరియల్ లాయరు అలాంటి వాటా పుచ్చుకుని ఉంటే, తర్వాతి భాగంలో ఆయన బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ ముందు నిలబడాలి. ఫీజే ఇబ్బందైతే, మీ అమ్మగారు మహిళ కనుక, ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆమెకు ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. మీ కోర్టులో ఉన్న న్యాయ సేవల కమిటీకి ఒక దరఖాస్తు ఇస్తే చాలు.

చివరగా, మీ లాయరు చెప్పే ఉంటారు, చెప్పకపోతే ఈ రోజే చేయండి. ఆ కాగితం మడతల దగ్గర చిరుగుతోందని లామినేషన్ చేయించవద్దు. సుంకమూ జరిమానా చెల్లించినట్టు అధికారి ఆ అసలు పత్రం మీదే రాసి సంతకం పెట్టాలి, ప్లాస్టిక్ పొర మీద ఆ రాత నిలవదు. రెండు తెల్ల కాగితాల మధ్య పరిచి ఫైలులో ఉంచి, రంగు జిరాక్సులు నాలుగు తీయించి, ఒకటి దస్తూరి రాసిన ఆయనకు ప్రమాణ పత్రం తయారయ్యే రోజున చూపించండి.