ఎఫ్ ఓ జి లెక్కల గురించి

కోవూరు

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

కాంపోజిట్ ఫంక్షన్లంటే, అదే ఒక ఫంక్షన్ జవాబును ఇంకో ఫంక్షన్‌లో వేసే లెక్కలంటే, టెన్షన్ పడుతున్నావని మీ నాన్న చెప్పి, నీ స్లిప్ టెస్ట్ పేపర్ ఫోటో పంపాడు. చూశాను. నీకు లెక్క రాక కాదు. (ఎఫ్ ఓ జి)(ఎక్స్) అని కనబడగానే ఎడమ వైపు నుంచి చదువుకుంటూ ఎఫ్‌తో మొదలుపెడుతున్నావు. ఎక్స్‌ను ఆనుకుని ఉన్నది జి. ముందు దాని పని కానివ్వాలి, దాని జవాబే ఎఫ్‌లోకి వెళ్తుంది.

మన పొలం లెక్కే తీసుకో. ఎకరాకు నాలుగు పుట్ల ధాన్యం దిగుబడి అనుకుందాం. ఎకరాలు చెబితే పుట్లు చెప్పేది జి. తిండికీ కూలి గింజలకీ రెండు పుట్లు ఉంచుకుని మిగతావి కాటా వేస్తే ఎన్ని కిలోలో చెప్పేది ఎఫ్. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు కదా. మూడెకరాలకు 12 పుట్లు, రెండు తీస్తే 10, అంటే 8,500 కిలోలు. అదే వరస తిప్పి మూడులోంచి ముందే రెండు తీసేశావనుకో, ఒకటి మిగిలి, కిలోల్లో 850 వచ్చి, దాన్ని నాలుగుతో గుణిస్తే 3,400 దగ్గర తేలతావు. అయినా ఎకరాల్లోంచి పుట్లు తీసేయడమేంది! మొదటి ఫంక్షన్ ఇచ్చేది రెండోది తీసుకునే రకం అయి ఉండాలని మీ సార్ చెప్పేది ఇదే.

ఇక నీ రెండో లెక్క. ఎఫ్(ఎక్స్) = 4 − ఎక్స్, జి(ఎక్స్) = ఎక్స్ − 3. నువ్వు 4 − ఎక్స్ − 3 అని రాసి 1 − ఎక్స్ తెచ్చావు. ఇలాంటి చోట ఎఫ్‌లోని ఎక్స్ చెరిపేసి ఖాళీ బ్రాకెట్ పెట్టు: 4 − (   ). ఆ ఖాళీలో జి మొత్తాన్ని దించు: 4 − (ఎక్స్ − 3). మైనస్ లోపలికి పోయి 7 − ఎక్స్ వస్తుంది. నమ్మకం లేకపోతే 10 పెట్టి చూడు. జి 7 ఇస్తుంది, ఎఫ్ −3 ఇస్తుంది. 7 − 10 కూడా −3. నీ జవాబులో −9 వస్తోంది. ఈ సరిచూపుకు అర నిమిషం కూడా పట్టదు, బద్ధకించొద్దు.

ఎక్స్ విలువ ఇచ్చేస్తే సూత్రం కట్టే పనే లేదు, అంకెతోనే రెండు అడుగులు వెయ్యి.

ఇంకొకటి, తెలివైన పిల్లలు కూడా బోల్తా పడేది. ముందు వర్గమూలం, తర్వాత వర్గం చేస్తే ఎక్స్ మిగులుతుంది. అలాగని −4 ఇస్తే −4 అని రాయకు. వాస్తవ సంఖ్యల్లో −4కి వర్గమూలమే లేదు, మొదటి మెట్టులోనే ఆగిపోయావు. అందుకే ప్రదేశం (డొమైన్, అంటే ఏయే ఎక్స్ విలువలకు లెక్క నడుస్తుందో) అడిగితే సూక్ష్మీకరించకముందే చూసుకోవాలి.

మూడు ఫంక్షన్లు కలిపినవి ఇప్పుడే ముట్టుకోకు. ఆదివారం హాస్టల్లో ఫోన్ ఇస్తారుగా, నోట్సు దగ్గర పెట్టుకుని చెయ్యి.

మీ పెదనాన్న