కొత్త లైటు వచ్చింది, పగడాలు పాలిపోయాయి

ప్రశ్న: మా సముద్రపు నీటి అక్వేరియంకి 2 ఏళ్లుగా టీ5 ట్యూబులే (సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబ్‌లైట్లు) ఉండేవి. ఈమధ్యే ఎల్ఈడీకి మారాను. నీలం ఎక్కువగా ఉండటంతో చూడ్డానికి పాత లైటుకన్నా మసకగా అనిపించి మొదటిరోజే ఫుల్లుగా పెట్టేశాను. 5 రోజులకే పైన రాయి మీదున్న ఆక్రోపొరా అనే పగడం పాలిపోయింది, మధ్యలో ఉన్న హ్యామర్ కోరల్ ముడుచుకుపోయి అసలు విచ్చుకోవడం లేదు. అవి చచ్చిపోయాయా? పాత లైటే మళ్లీ పెట్టేయనా? చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: ముందు రాత్రి లైట్లు ఆరాక ఒక టార్చి తీసుకుని ఆక్రోపొరాని దగ్గరగా చూడండి. తెల్లటి గట్టి భాగం మీద గాజులా పల్చటి పొర ఉండి, అందులోంచి సూదిమొనంత పాలిప్‌లు (పగడంలోని చిట్టి జీవులు) బయటికొస్తుంటే అది బతికే ఉంది. పొర ఊడిపోయి, ఒట్టి తెల్లటి ఎముక మిగిలి, దాని మీద నాచు పడుతుంటే మాత్రం ఆ భాగం పోయినట్టే.

పగడం కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన ఆల్గే కాపురం ఉంటుంది. వెలుతురుతో అది తయారుచేసే ఆహారమే పగడానికి చాలావరకు ఆధారం, పగడంలో కనిపించే గోధుమ రంగు కూడా దానిదే. వెలుతురు ఒక్కసారిగా పెరిగితే ఆల్గే ఆ శక్తినంతా వాడుకోలేక, కణాలకు హాని చేసే ఆక్సిజన్ రూపాలు పుట్టిస్తుంది, దాంతో పగడం ఆ ఆల్గేని బయటికి తోసేసి పాలిపోతుంది. అదే మార్పు నిదానంగా జరిగితే ఆల్గే తన రంగుద్రవ్యాలను తగ్గించుకుని సర్దుకుంటుంది, కానీ దానికి వారాలు పడుతుంది.

మసకగా కనిపించిందన్నారు చూడండి, అసలు పొరపాటు అక్కడే జరిగింది. మన కంటికి ఆకుపచ్చ బాగా ఆనుతుంది, నీలం అంతగా ఆనదు, ఆల్గేకేమో ఆ నీలమే ఇష్టం. అందుకే లైటు విషయంలో కంటిని నమ్మకండి. ఎవరి దగ్గరైనా పార్ మీటర్ (ఆల్గే వాడుకోగల వెలుతురు ఎంతుందో కొలిచేది) దొరికితే ఒక్కపూట అడిగి తెచ్చుకోండి. ఆ మీటర్ రీడింగు మెత్తటి పగడాలకు 50 నుంచి 100, హ్యామర్‌కి 80 నుంచి 150, ఆక్రోపొరాకి 200 నుంచి 350 దాకా సుమారుగా సరిపోతుంది.

పాత లైటు అక్కర్లేదు. ఈరోజే ఎల్ఈడీని ఇప్పుడున్న దాంట్లో సగానికన్నా తక్కువకి తగ్గించేయండి, హ్యామర్ మళ్లీ విచ్చుకునేదాకా, అంటే ఒకటి రెండు వారాలు, ఆ లైటు సెట్టింగ్‌ని ముట్టుకోకండి. ఆ తర్వాత వారానికి 5 శాతం చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. తగ్గించే ఏర్పాటు మీ లైటుకి లేకపోతే దాన్ని పైకి ఎత్తి కట్టండి, లేదా ట్యాంక్ మీద సన్నటి ప్లాస్టిక్ మెష్ నాలుగైదు పొరలు పరిచి, విచ్చుకున్నాక వారానికొకటి తీసేయండి. కొందరు లైటు వెలిగే గంటలు మాత్రమే తగ్గిస్తారు, నా మటుకు అది చాలదు, ఎందుకంటే వెలిగిన ఆ కాసేపూ తీవ్రత అంతే ఉంటుంది కదా.

పగడాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చకండి, ప్రతిచోటా నీటి ప్రవాహం వేరుగా ఉంటుంది, దానికీ మళ్లీ అలవాటు పడాలి. కంగారులో కొత్త మందులేవీ పోయకండి. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా సున్నాకి పోకుండా చూసుకోండి, అవి బొత్తిగా లేని నీళ్లలో పాలిపోయిన పగడం కోలుకోవడం చాలా కష్టం. హ్యామర్ కాస్త విచ్చుకున్నాక మైసిస్ రొయ్య ముక్క ఒకటి అందిస్తే తీసుకుంటుంది. టీ5 ట్యూబులు నీటిని కొంత వేడెక్కించేవి, ఇప్పుడవి లేక నీళ్లు చల్లబడొచ్చు కాబట్టి థర్మామీటర్ మీద కూడా ఓ కన్నేసి ఉంచండి, 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే చాలు.

రోజూ ఒకే సమయానికి, ఒకే వెలుతురులో ఒక ఫొటో తీసిపెట్టుకోండి. రంగు తిరిగొచ్చేటప్పుడు ముందుగా లేత గోధుమ రంగు వస్తుంది, ఆక్రోపొరా అసలు రంగు ఆ తర్వాతెప్పుడో గానీ రాదు. ఆ గోధుమ రంగు చూసి వెలుతురు చాలడం లేదేమో అనుకుని మళ్లీ ఫుల్లుగా పెట్టేయకండి.