ముందు ఉలి, ఆ తర్వాతే మెషీన్లు

తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండేళ్లుగా సెలవు రోజుల్లో చిన్న పెట్టెలు, అరలు చేస్తున్నావు, ఇప్పుడు ఉద్యోగం మానేసి ఫర్నిచర్ పనే బతుకుదెరువుగా పెట్టుకోవాలని ఉంది, ఏ మెషీన్లు కొనాలి అని అడిగావు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు కలప గురించి మాట్లాడుకోవాలి. నలభై ఏళ్లలో నేను చేసిన పెద్ద తప్పులన్నీ కలప తీరు తెలియక చేసినవే. చెయ్యి జారి చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చెట్టు కొట్టి, కోసి, ఆరబెట్టి, పాలిష్ పట్టాక కూడా చెక్క గాలిలోని తేమ పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. పీల్చినప్పుడు ఉబ్బుతుంది, వదిలినప్పుడు కుంచించుకుపోతుంది. పొడవులో ఈ మార్పు దాదాపు లేనట్టే, అంతా వెడల్పులోనే. వెడల్పులో కూడా, దుంగ మధ్య నుంచి బెరడు వైపుకి జరిగే మార్పు కంటే చెట్టు పెరిగేటప్పుడు ఏర్పడే వలయాల వెంబడి జరిగే మార్పు ఇంచుమించు రెట్టింపు ఉంటుంది, అందుకే ఒకే దుంగలో కోసిన రెండు పలకల్లో ఒకటి చదునుగా ఉంటే ఇంకొకటి దోనెలా వంగుతుంది. చెక్క కొనేటప్పుడు దాని పొడవు, రంగు చూసి సరిపెట్టుకోకు. కోసిన కొస చూడు. అక్కడ వలయాలు నిలువుగా ఉంటే ఆ పలక నిలకడగా ఉంటుంది. అడ్డంగా విల్లులా ఉంటే కదులుతుంది. అలాగని పారెయ్యక్కర్లేదు, ఎక్కడ వాడాలో తెలిస్తే చాలు. బెరడు పక్కనుండే తెల్ల చెక్క మాత్రం వద్దు, పురుగు ముందు పట్టేది దాన్నే. చేవ ఉన్నదే తీసుకో.

పని మొదలుపెట్టిన కొత్తలో ఒక కుటుంబానికి భోజనాల బల్ల చేశాను. పైపలక తొంభై సెంటీమీటర్ల వెడల్పు. అది వంగకూడదని కింద అడ్డంగా రెండు పట్టీలు పెట్టి, జిగురు పూసి, స్క్రూలు గట్టిగా బిగించాను. వానాకాలంలో ఇచ్చాను, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఎండలు ముదిరాక కబురొచ్చింది. వెళ్లి చూస్తే పలక మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి గోరు దూరేంత పగులు. ఆ రోజు నాకు మాట రాలేదు. లెక్క వేసి చూసుకో, చెక్కలోని తేమ నాలుగు శాతం మారితే టేకు లాంటి నిలకడైన కలపలో కూడా అంత వెడల్పు పలక ఆరేడు మిల్లీమీటర్లు కదులుతుంది. నేను దానికి కదిలే చోటు లేకుండా చేశాను. నా ఖర్చుతో కొత్త పలక వేసి ఇచ్చాను. ఈసారి పట్టీల్లో స్క్రూ బెజ్జాలు గుండ్రంగా కాకుండా పొడవుగా తీశాను, జిగురు చుక్క కూడా పెట్టలేదు. తలుపుల్లో చట్రం మధ్య పలకని గాడిలో జిగురు లేకుండా వదులుగా ఎందుకు కూర్చోబెడతారో అప్పుడు అర్థమైంది. పాతకాలం పనివాళ్లు అందం కోసమే అలా చేశారనుకునేవాణ్ణి.

తేమ కొలిచే మీటర్ ఒకటి కొనుక్కో. ఇంట్లో వాడే సామానుకి చెక్కలో తేమ సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు శాతం మధ్య ఉండాలి. గాలికి ఆరబెట్టే చెక్కకి అంగుళం మందానికి ఏడాది అని మా లెక్క. తెచ్చిన చెక్కని వెంటనే కొయ్యకు, నీ షెడ్డులో కొన్ని వారాలు ఉండనివ్వు.

ఇక ఉలి. నువ్వు పంపిన ఫోటోలో కుసి, అంటే బెజ్జంలో దూరేలా చెక్క కొసన చెక్కే నాలుక, దాని భుజాలు నలిగినట్టున్నాయి. కొలత తప్పు కాదది, పదును లేక. సాన పట్టడం రాకపోతే ఈ పనిలో ఏదీ రాదు, ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ముందు ఉలి వెనకభాగం అద్దంలా చదును చెయ్యి. వాలు ఇరవై ఐదు డిగ్రీలు, అంచు దగ్గర ముప్ఫై. వెయ్యి నంబరు రాయి మీద సాన పడుతూ, మధ్యమధ్యలో వెనకవైపు బొటనవేలు అంచు బయటికి మెల్లగా జరిపి చూడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నటి గరుకు తగిలితే చాలు, అప్పుడు ఇంకా నున్నటి ఆరువేల నంబరు రాయి. ఆ తర్వాత మెత్తటి చెక్క ముక్క కొస మీద అడ్డంగా ఒక పొర తీసి చూడు. పొర తెగకుండా వచ్చి, తీసిన చోటు మైనంలా మెరిస్తే పదును కుదిరినట్టు. తెల్లగా పొడిపొడిగా రాలితే మళ్లీ రాయి దగ్గరికే. రోజూ పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు దీనికే పెట్టు.

గీతలు పెన్సిల్‌తో కాకుండా కత్తి మొనతో గియ్యి, పెన్సిల్ గీతకి మందం ఉంటుంది, ఆ మందమే అతుకులో సందు అవుతుంది. కుసి మందం చెక్క మందంలో మూడో వంతు ఉండేలా చూసుకో. బెజ్జం ముందు తియ్యి, దానికి తగ్గట్టు కుసిని సన్నం చేసుకుంటూ రా. చేత్తో నొక్కితే సగం దాకా వెళ్లి, మిగతా సగానికి చెక్క సుత్తి కావాల్సి వస్తే సరిగ్గా ఉన్నట్టు. చట్రం బిగించాక మూల నుంచి ఎదురు మూలకి రెండు కొలతలూ తీసి చూడు, రెండూ ఒకటైతేనే జిగురు ఆరనివ్వు.

మెషీన్లు అడిగావు కదా. మొదటి ఏడాది ఏమీ కొనకు. చిత్రిక పట్టేటప్పుడు నార ఎదురు తిరిగితే నీ చేతికి తెలుస్తుంది, మెషీన్ ఆ మాట చెప్పదు. చెయ్యి తిరిగాక కొనుక్కో, నెలకి నాలుగు ఆర్డర్లు చెయ్యాలంటే అవి లేకుండా కుదరదు కూడా.

నేర్చుకోవడానికి ఒక మేస్త్రి దగ్గర కనీసం రెండేళ్లు ఉండు. కోర్సు చేసినా సరే, తర్వాతైనా ఉండు. పాత సామాను రిపేర్లు చేసేవాళ్లు దొరికితే ఇంకా మంచిది. ఎవరూ చెప్పనిది నాకు నేర్పింది పాత కుర్చీలే. వెనక కాలికి పక్క పట్టీ కలిసే చోటే కుర్చీ అన్నిటికంటే మొదట వదులవుతుందని వంద కుర్చీలు విప్పితే కానీ ఒంటబట్టలేదు. వేడి తగిలితే విడిపోయే పాత జంతు జిగురు ఎంత మేలో కూడా అప్పుడే తెలుస్తుంది, మన తర్వాత బాగుచేసేవాడికి అది పెద్ద సాయం.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. ప్రతి పనికీ ముందు ఎన్ని గంటలు పడుతుందనుకున్నావో రాసుకో, అయ్యాక నిజంగా ఎన్ని పట్టాయో దాని పక్కనే రాయి. మొదట్లో రెండో అంకె మొదటిదానికి రెట్టింపు ఉంటుంది, టెన్షన్ పడకు, ఏడాదిలో దగ్గరికొస్తుంది. బొమ్మ గీసి, కొలతలు వేసి, సంతకం పెట్టించుకుని, కలప ఖర్చు అడ్వాన్సుగా తీసుకున్నాకే రంపం పట్టు. సొంతవాళ్లయినా అంతే.

ఇంకో రెండు విషయాలు, వీటిని మాత్రం తేలిగ్గా తీసుకోకు. చెక్క దుమ్ము క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే ప్రకటించింది, కాబట్టి మంచి మాస్క్ లేకుండా గరుకు కాగితం పట్టకు. అవిసె నూనె పూసిన గుడ్డని ఉండలా చుట్టి పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరుబయట పరిచి, పూర్తిగా ఆరాకే పారెయ్యి.

ఉద్యోగం ఇప్పుడే మానకు. ఈ మూడు నెలల్లో ఒక స్టూలు చెయ్యి, నాలుగు కాళ్లు, నాలుగు పట్టీలు, అన్నీ కుసి-బెజ్జాలే, ఒక్క మేకు కూడా వద్దు. ఎత్తు నలభై ఐదు సెంటీమీటర్లు. అయ్యాక పైనుంచి తీసిన ఫోటో వద్దు, తిరగేసి అడుగు భాగం ఫోటో పంపు. ఆ తర్వాత ఒకసారి రా, వచ్చేటప్పుడు నీ ఉలి తెచ్చుకో, రాయి నా దగ్గరుంది.