ట్రీట్‌మెంట్ అయ్యాక అమ్మ చెకప్‌కి రానంటోంది, ఏం చేయాలి?

మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయింది, ఊరి నుంచి హైదరాబాద్‌కి చెకప్‌కి రమ్మంటే "నాకేమైంది, బాగానే ఉన్నా కదా" అని వాయిదా వేస్తున్నారు, ఎలా ఒప్పించాలి అన్నారు. హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రి ఓపీలో కొన్నేళ్లు పనిచేశానండీ, చెకప్‌కి రానివాళ్లకి ఫోన్ చేసి కనుక్కోవడమే నా డ్యూటీ. ఒళ్లు బద్ధకించి మానేసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

ఖమ్మం వైపు ఒకామెకి జనవరిలో తారీఖు పడింది. ఫోన్ చేస్తే "మిరపకాయ ఏరుడు నడుస్తుంది మేడం, ఇప్పుడొస్తే నా కూలి పాయె, తోల్కొచ్చే మా పిల్లగాడి కూలి పాయె" అంది. దాని మీద ఛార్జీలు, తిండి, రిపోర్టు ఆ రోజే రాకపోతే రాత్రికి ఎక్కడ పడుకోవాలన్న టెన్షన్. చీటీ మీద మాత్రం "3 నెలల తర్వాత రండి" అని ఒక్క ముక్క ఉంటుంది. అప్పటినుంచి తారీఖు రాసే ముందే వెంట ఎవరొస్తారు, వాళ్లకి ఎప్పుడు కుదురుతుంది అని అడిగేదాన్ని, గుర్తుచేసే ఫోన్ కూడా వాళ్లకే చేసేదాన్ని. పేషెంట్ నంబర్ అని రాయించింది చాలాసార్లు అల్లుడిదో, రీచార్జ్ లేక ఆగిపోయినదో అయ్యుండేది.

మీ ఇంట్లో ఆ వెంట వచ్చే మనిషి మీరే కాబట్టి మీ సెలవు, డాక్టర్ ఓపీ ఉండే రోజు చూసుకుని తారీఖు మీరే ఖాయం చేయండి. ఏ పరీక్షలు కావాలో ముందే ఫోన్‌లో అడిగితే మామూలు రక్తపరీక్షలు దగ్గరి టౌన్‌లోనే చేయించుకుని ఒక్క ప్రయాణంతో తేల్చుకోవచ్చు. వెళ్లిన ప్రతిసారీ పెద్ద స్కానింగులు చేస్తారని భయపడేవాళ్లు చాలామంది. నిజానికి రొమ్ము క్యాన్సర్‌లో మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి డాక్టర్ చేత్తో పరీక్షించి మాట్లాడటమే ముఖ్యం, మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) ఏడాదికోసారి, కొత్త ఇబ్బంది ఏమీ లేకపోతే సాధారణంగా ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ అక్కర్లేదు. రైల్లో అయితే చెకప్ ప్రయాణానికి కూడా రాయితీ ఉంది, స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ పేషెంట్‌కి టికెట్ ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. డాక్టర్ సంతకం పెట్టిన ఫారం తీసుకుని స్టేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి, ఇది తెలియక పూర్తి టికెట్ కొనేవాళ్లే ఎక్కువ. ఆరోగ్యశ్రీలో చేయించుకుని ఉంటే చెకప్‌లో ఏవి వర్తిస్తాయో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని అడగండి.

ఇక పైకి చెప్పనిది ఒకటుంది, మళ్లీ వచ్చిందంటారేమోనన్న భయం. అది ఉన్నవాళ్లు మోకాళ్ల నొప్పులంటారు, మనవడి అన్నప్రాసనంటారు. వాళ్లతో వాదించి లాభం లేదు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాస్తోందా, మాత్రలతో ఒళ్లు వేడెక్కుతోందా అని అడగండి, "ఆ వాపు చూపించుకుందాం పద" అంటే కదులుతారు, డాక్టర్లు ఎలాగూ అది కూడా చూస్తారు. హార్మోన్ మాత్రలు రాసుంటే ఆ స్ట్రిప్పు కూడా ఓసారి చూడండి. అవి కనీసం ఐదేళ్లు వాడాలి, ఇచ్చిన మాత్రలు అయిపోగానే కోర్సు ముగిసిందనుకుని ఆపేస్తుంటారు. కొత్త గడ్డ, తగ్గని ఎముకల నొప్పి, ఆయాసం లాంటివి ఉంటే మాత్రం తారీఖు దాకా ఆగకండి.

కాగితాలన్నీ ఫోటో తీసి మీ ఫోన్‌లో పెట్టుకోండి. ఫైల్ పోయింది, తిడతారేమో అని రాకుండా ఉండిపోయినవాళ్లనీ చూశాను.